వాన రాగానే బొమ్మ ఎందుకు పోతుంది?

ఒక ఆదివారం సాయంత్రం మేము ఒక పల్లెలో తెలిసినవారి ఇంటికి వెళ్లాము. కూర్చున్న కాసేపటికే వాన అందుకుంది. టీవీలో బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరి ఆగిపోయింది. ఇంటి యజమాని డిష్‌ను తిప్పి చూద్దామని నిచ్చెన వేసుకుని డాబా ఎక్కబోయాడు. "ఒరేయ్ అబ్బాయ్, నిచ్చెన తడిసింది, పక్కనే కరెంటు తీగ ఉంది, దిగరా!" అని అతని తల్లి కేక వేసింది. అతడు దిగాడు. అప్పుడామె మావైపు తిరిగి, "అయ్యగారూ, ఆ గిన్నెకూ వానకూ ఏమిటి సంబంధం?" అని అడిగింది. ప్రియ పాఠకులారా, ఆ తల్లికి మేము చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాము.

నిలిచినట్లు కనిపించే ఉపగ్రహం

టీవీ ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగే కాలంలోనే అదీ ఒక చుట్టు పూర్తి చేస్తుంది. అందుచేత మనకు ఆకాశంలో ఒకేచోట నిలిచినట్లుంటుంది. ఇటువంటి ఉపగ్రహాలతో లోకమంతటికీ ప్రసారాలు చేయవచ్చునని ఆర్థర్ సి. క్లార్క్ 1945లోనే ఒక వ్యాసంలో వివరించారు. అది చోటు మారదు గనుకనే మన డిష్‌ను ఒకసారి గురిచూసి బిగిస్తే చాలు.

పైకి పంపే డిష్

ప్రసార కేంద్రంలో అనేక మీటర్ల వెడల్పు గల పెద్ద డిష్ ఉంటుంది. దానిని అప్‌లింక్ డిష్ అంటారు. కార్యక్రమాన్ని రేడియో తరంగాల మీదికి ఎక్కించి, బలం పెంచి, డిష్ ఎదుట ఉన్న గొట్టం గుండా దాని మీదికి వదులుతారు. టార్చిలైటులోని అద్దం వెలుగును ముందుకు తోసినట్లు, డిష్ ఆ తరంగాలను సన్నని ధారగా ఉపగ్రహానికి పంపుతుంది. డిష్ ఎంత పెద్దదైతే ధార అంత సన్నగా ఉంటుంది, పక్కనున్న వేరే ఉపగ్రహాల మీద పడదు.

ఉపగ్రహం ఆ తరంగాలను అందుకుని, ఫ్రీక్వెన్సీ మార్చి, బలం పెంచి కిందికి పంపుతుంది. ఇంటి డిష్‌లకు వాడే కేయూ బ్యాండులో పైకి వెళ్లేది సుమారు 14 గిగాహెర్ట్‌జ్, దిగివచ్చేది 11, 12 గిగాహెర్ట్‌జ్. ఎందుకీ మార్పు? గట్టిగా కేకలు వేసేవానికి ఎదుటివారి గుసగుస వినిపించదు గదా! పంపేదీ వినేదీ ఒకే ఫ్రీక్వెన్సీ అయితే ఉపగ్రహం గతి అంతే.

మన ఇంటి డిష్

ఉపగ్రహంలోని ఒక్కో ట్రాన్స్‌పాండర్ ప్రసార శక్తి సాధారణంగా నూరు, నూటయాభై వాట్లు. అది దేశమంతటా పరుచుకుని మన ఇంటికి చేరేసరికి అతి స్వల్పం. మన డిష్‌లో కరెంటు లేదు. అది వంపు తిరిగిన రేకు మాత్రమే. తిరగేసిన గొడుగులో పడిన చినుకులన్నీ మధ్యకు చేరినట్లు, దాని మీద పడిన తరంగాలన్నీ ఎదుట ఒక బిందువు దగ్గర కూడుకుంటాయి. అక్కడ ఉండేదే ఎల్‌ఎన్‌బి. అది ఆ కొద్దిపాటి సంకేతానికి బలం పెంచి, కేబుల్‌లో హరించుకుపోకుండా ఫ్రీక్వెన్సీ తగ్గించి సెట్‌టాప్ బాక్సుకు పంపుతుంది. బొమ్మనూ మాటనూ విడదీసి టీవీకి ఇచ్చేది ఆ బాక్సే.

మన పల్లెలకు ఇది నిన్నమొన్నటి సంగతి కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. తెలుగు కార్యక్రమాలూ ఉండేవి. అప్పటి డిష్ మూడు మీటర్ల వెడల్పున్న ఇనుప వలది. ఊరంతా ఒక్క టీవీ ముందు కూర్చునేది. నేడు నెలసరి రుసుము లేని డీడీ ఫ్రీ డిష్‌కు సుమారు 60 సెంటీమీటర్ల డిష్ సరిపోతున్నది.

వానలో ఏం చేయాలి?

దిగివచ్చే ఈ తరంగం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. జోరువాన చినుకులు దానిని కొంత పీల్చుకుని, కొంత చెదరగొడతాయి. అసలే స్వల్పమైన సంకేతం ఇంకా తగ్గి బొమ్మ ఆగిపోతుంది. వాన తగ్గితే దానంతటదే వస్తుంది. తొందరపడి డిష్‌ను తిప్పితే నష్టం మనకే. అంచు ఒక్క సెంటీమీటరు జరిగితే గురి సుమారు రెండు డిగ్రీలు తప్పుతుంది, ఇక వాన వెలిసినా బొమ్మ రాదు.

ఆ రాత్రి ఆ ఇంట్లో మాత్రం వాన వెలిసినా బొమ్మ రాలేదు. తెల్లవారి నేల మీద నిలబడే పరిశీలించాము. డీడీ ఫ్రీ డిష్ ఉపగ్రహం మనకు ఆగ్నేయ దిక్కున బాగా ఎత్తుగా ఉంటుంది. డిష్ బిగించిన నాడు చిన్నదైన గోడ పక్క వేపచెట్టు ఇప్పుడు సరిగ్గా ఆ దారికి అడ్డంగా కొమ్మ చాచింది. తడి ఆకులు తరంగాలను ఆపేస్తున్నాయి. తీగకు దూరంగా ఉన్న ఆ కొమ్మను, అంతా ఆరిన తరువాత కొట్టించారు. బొమ్మ వచ్చింది. డిష్‌ను ఎవరూ ముట్టుకోలేదు.

"రాత్రి వాడు పైకెక్కి ఉంటే?" అన్నది ఆ తల్లి. మేమెవ్వరమూ జవాబు చెప్పలేదు.