తన వేడితోనే గాలిని లాక్కునే గోపురం

థర్మల్ విద్యుత్ కేంద్రంలో టర్బైన్‌ను తిప్పి వచ్చిన ఆవిరిని తిరిగి నీరుగా మార్చే పరికరాన్ని కండెన్సర్ అంటారు. ఆ ఆవిరి వదిలిన వేడినంతా తీసుకుని కండెన్సర్ నుంచి బయటపడే శీతలీకరణ నీటిని చల్లబరచి మళ్లీ వాడుకోవడానికి, సమీపంలో నిండుగా పారే నది లేని చోట, సాధారణంగా కూలింగ్ టవర్ వాడతారు. నడుము సన్నగిల్లిన కాంక్రీటు గోపురాన్ని డచ్ ఇంజనీర్లు ఫ్రెడరిక్ వాన్ ఇటర్సన్, గెరార్డ్ కైపర్స్ రూపొందించగా, మొదటిది 1918లో నెదర్లాండ్స్‌లోని హేర్లెన్ సమీపాన, ఎమ్మా బొగ్గు గని వద్ద వెలిసింది.

గోపురం అడుగున ఏటవాలు స్తంభాల సందుల్లోంచి గాలి లోపలికి వస్తుంది. పైనుంచి తుంపరలుగా రాలే వేడినీటిలో స్వల్పభాగం ఆ గాలిలోకి ఆవిరైపోతూ, అందుకు కావలసిన గుప్తోష్ణాన్ని, అంటే ఉష్ణోగ్రత పెరగకుండానే ద్రవాన్ని ఆవిరిగా మార్చే వేడిని, మిగిలిన నీటి నుంచే తీసుకోవడం వల్ల ఆ నీరు చల్లబడుతుంది. నీటి అణుభారం 18, పొడిగాలి సగటు అణుభారం సుమారు 29 కనుక, తేమ చేరిన కొద్దీ గాలి బరువెక్కదు, తేలికవుతుంది. వేడి దాన్ని మరింత తేలికపరుస్తుంది. అలా లోపలి గాలి పైకి లేస్తూ బయటి చల్లగాలిని కిందినుంచి లాగడమే చిమ్నీ ప్రభావం. ఫ్యాను లేదు, మోటారు లేదు. వదిలించుకోవలసిన వేడే గాలిని నడిపే శక్తి కావడం ఈ యంత్రంలోని అసలైన గొప్పతనం. అయితే ఈ లాగుడు గోపురం ఎత్తు మీద, లోపలి, బయటి గాలుల సాంద్రతల తేడా మీద ఆధారపడుతుంది; ఆ తేడా చాలా స్వల్పం కనుక పెద్ద కేంద్రాల్లో గోపురం ఎత్తు వంద మీటర్లు దాటవలసి వచ్చింది.

అంత ఎత్తును పలుచని గోడతో నిలబెట్టగలిగేది అతిపరావలయజం అనే ఆకృతి. నిలువుగానూ అడ్డంగానూ వంపు తిరిగిన ఈ ఉపరితలాన్ని కేవలం సరళరేఖలతో నిర్మించవచ్చు. కానీ ఆకృతి ఒక్కటే రక్షించలేదు. 1965 నవంబరు 1న ఇంగ్లండ్‌లోని ఫెర్రీబ్రిడ్జ్‌లో, 114 మీటర్ల గోపురాలు ఎనిమిదింటిలో మూడు పెనుగాలికి కూలాయి. ముందు వరుస గోపురాల మధ్య నుంచి దూసుకొచ్చిన సుడిగాలులు వెనుక వరుసను కుదిపేశాయి. రూపకల్పనలో గాలి సగటు వేగాన్నే లెక్కించి, క్షణికమైన విసురులను, పక్క గోపురాల ప్రభావాన్ని తగినంతగా పట్టించుకోకపోవడమే అందుకు కారణమని తేలింది.

తెలంగాణలో పాల్వంచ వద్ద కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీఎస్) పాత యూనిట్లు మూతపడ్డాక, వాటి ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో పేలుడు పదార్థాలతో కూల్చారు. రాజస్థాన్‌లోని కాలీసింధ్ కేంద్రంలో మాత్రం ఈ రకం గోపురం 202 మీటర్ల ఎత్తుకు చేరింది.