పెద్దదిక్కు లేని నెట్‌వర్క్‌కు కాపలా ఎలా?

పీర్ టు పీర్ అంటే మధ్యలో సర్వర్ లేకుండా కంప్యూటర్లు డేటాను నేరుగా ఇచ్చిపుచ్చుకోవడం. కోదాడలో ఒకరు ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్‌ను బిట్‌టొరెంట్‌లో దించుకుంటే ఒక ముక్క సూర్యాపేట నుంచి, మరో ముక్క బ్రెజిల్ నుంచి రావచ్చు.

ముక్కూమొహం తెలియనివాడు చెత్త అంటగడితే?

దీనికి మందు బ్రామ్ కోహెన్ 2001లో బిట్‌టొరెంట్ తెచ్చినప్పుడే ఉంది. డౌన్‌లోడ్‌కు ముందు తీసుకునే టొరెంట్ ఫైల్లో ప్రతి ముక్కకూ 20 బైట్ల హ్యాష్, అంటే ఆ ముక్క నుంచి లెక్కకట్టిన వేలిముద్ర, రాసి ఉంటుంది. వచ్చిన ముక్కలో ఒక్క బిట్ మారినా లెక్క కలవదు. సాఫ్ట్‌వేర్ దాన్ని పారేసి ఇంకొకరిని అడుగుతుంది. మిర్యాలగూడ మిల్లుకు లోడు వస్తే నాలుగు బస్తాలు చూసి ధర కట్టొచ్చు, ఇక్కడ మాత్రం ఏ బస్తానూ వదలరు. ఆ పాత హ్యాష్ పద్ధతి షా-1ను 2017లో పరిశోధకులు ఛేదించారు. బిట్‌టొరెంట్ రెండో వెర్షన్ షా-256 వాడుతుంది. టొరెంట్ ఫైలే దొంగదైతే మాత్రం హ్యాష్ చేయగలిగింది లేదు.

మరి అసలు కష్టం ఎక్కడ?

దొంగ సరుకుతో కాదు, దొంగ మనుషులతో. ఒక్కడే వెయ్యి పేర్లతో చేరితే దాన్ని సిబిల్ దాడి అంటారు. గుర్తింపు ఇచ్చే కేంద్రం లేనిచోట దీన్ని పూర్తిగా ఆపడం ఆచరణలో కుదరదని మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు జాన్ డౌసర్ 2002లోనే తేల్చారు. మీ చుట్టూ ఉన్నవన్నీ ఆ దాడిదారు కంప్యూటర్లే అయితే వాడు చూపించిందే మీకు లోకం. అది ఎక్లిప్స్ దాడి.

పూర్తిగా ఆపలేకపోతే ఏం చేస్తారు?

దాడిని ఖరీదైనదిగా చేస్తారు. అదే 2002లో వచ్చిన, పీర్లను వెతికే కడెమ్లియా పద్ధతిలో తెలిసిన పీర్ల జాబితా నిండాక కొత్తవాడు వస్తే, ముందు పాతవాణ్ని పలకరిస్తారు. పలికితే కొత్తవాడికి చోటు లేదు. వేల దొంగ పేర్లు ఒక్కరాత్రిలో వచ్చి పడినా పాతకాపులు కదలరు. బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ తాను కలుపుకునే పీర్లను వేర్వేరు అడ్రసు గుంపుల నుంచి ఎంచుకుంటుంది. అక్కడ మాట చెల్లేది పేర్ల సంఖ్యను బట్టి కాదు, ఖర్చుపెట్టిన కంప్యూటింగ్ శక్తిని బట్టి. ఆ శక్తి తక్కువున్న చిన్న నెట్‌వర్క్‌కు ఇది చాలదు: 2020 ఆగస్టులో ఎథీరియం క్లాసిక్ అనే నెట్‌వర్క్ మీద మూడుసార్లు అలాంటి దాడి జరిగింది.

ఒక ఐపీ అడ్రసుకు ఒక్కరే అంటే సరిపోదా?

సరిపోదు. మొబైల్ డేటాలో ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఎందరో ఉంటారు. ఆ నియమం పెడితే సూర్యాపేటలో నిజాయితీపరులే ముందు బయటపడతారు. డబ్బున్న దాడిదారు అడ్రసులు కొనుక్కుంటాడు.

ఈ కాపలా అంతా సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది, దొంగ టొరెంట్ ఫైలును మాత్రం అది పట్టలేదు. కాబట్టి టొరెంట్ ఫైలును అసలు సంస్థ సైటు నుంచే తీసుకోండి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వాయిదా వేయకండి.