ఆకు రాలిన కొండపై పూల సందడి
శేషాచలం అడవుల్లో వసంత విహారం

ఫాల్గుణ మాసం వచ్చేసరికి శేషాచలం కొండల్లో చాలా చెట్లు ఆకు రాలుస్తాయి. దూరం నుంచి చూస్తే అడవి ఎండిపోయినట్లే తోస్తుంది. తిరుపతి జిల్లాలోని తలకోన పరిసరాల్లో ఉదయం వేళ నెమ్మదిగా నడిస్తే మాత్రం పక్షులు, పూలతో అడవి మరో రూపంలో దర్శనమిస్తుంది. ఈ కొండల్లో కొంత భాగాన్ని 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కుగా ఏర్పాటు చేశారు. 2010లో శేషాచలం జీవావరణ పరిరక్షణ కేంద్రంగా గుర్తింపు పొందింది.

మోడుకే పూలెందుకు?
వేసవి ముంగిట నేలలో తేమ తగ్గుతుంది. ఆకుల ద్వారా నీరు ఆవిరి కాకుండా చెట్లు వాటిని రాల్చేస్తాయి. మోదుగ, బూరుగ, కొండగోగు ఆ సమయంలోనే పూస్తాయి. ఆకుల మరుగు లేకపోవడంతో పూలు పక్షులకు, తుమ్మెదలకు దూరం నుంచే కనిపిస్తాయి. మోదుగ పూరేకు చిలుక ముక్కును పోలి ఉంటుంది. ‘ఇది చిలుకా?’ అనే అర్థంలోనే సంస్కృతంలో దానికి కింశుకమని పేరు వచ్చిందంటారు. రాతి గుట్టలపై పసుపు పచ్చగా మెరిసేది కొండగోగు. బూరుగ, కొండగోగు కాయలు పగిలాక దూదితో కూడిన గింజలు గాలికి ఎగిరి వ్యాపిస్తాయి. తొలకరి నాటికి అవి నేలకు చేరి మొలకెత్తేందుకు సిద్ధంగా ఉంటాయి.

ముందు చెవికి, తర్వాత కంటికి
మోదుగ, బూరుగ పూలలోని మకరందం కోసం తేనెపిట్టలు, గోరింకలు వాలతాయి. వాటి తలలకు అంటిన పుప్పొడి మరో చెట్టుకు చేరుతుంది. రేకును సుత్తితో కొడుతున్నట్లు ఆగకుండా వినిపించేది కంసాలి పిట్ట కూత. మగ కోకిల కూత మార్చి నుంచి జోరందుకుంటుంది. ఈ కొండల్లో పక్షి ప్రియులు ప్రత్యేకంగా వెదికేది పసుపు గొంతు పిగిలిపిట్టను. దక్షిణ భారతంలోని రాతి కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా కనిపించని ఈ పక్షి ముప్పు ముంగిట ఉన్న జాతుల జాబితాలో ఉంది. సూర్యోదయం నుంచి రెండు, మూడు గంటలు పక్షులను చూడటానికి అనువైన సమయం.

నిప్పుతోనే ముప్పు
రాలిన ఆకులు, ఎండిన బోద గడ్డి నిప్పురవ్వ పడితే చాలు అంటుకుంటాయి. 2014 మార్చిలో తిరుమల కొండల్లో చెలరేగిన కార్చిచ్చును అదుపు చేసేందుకు వాయుసేన హెలికాప్టర్లను రప్పించాల్సి వచ్చింది. ఈ కొండలకే ప్రత్యేకమైన పేరిత మొక్క, ఎర్రచందనం లేత మొలకలు, నేలపై గూళ్లు పెట్టే పక్షులు మంటలకు మొదట బలవుతాయి. అందుకే అగ్గిపెట్టె, బీడీ, సిగరెట్లు వెంట తీసుకెళ్లకూడదు. జాతీయ పార్కులో మొక్కలు పెకలించడం, నిప్పు రాజేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అటవీశాఖ అనుమతి పొంది, నిర్దేశిత దారిలోనే నడవాలి. కోసిన ప్రతి పువ్వూ ఒక పిట్ట ఆహారమని, రాబోయే ఒక చెట్టు విత్తనమని సందర్శకులు గుర్తుంచుకోవాలి.