శాంతియా, స్వయంనిర్ణయమా? – ఐర్లండు సరిహద్దు నేర్పు పాఠము

రెండు రాజ్యములు ఒక భూభాగమును గూర్చి వివాదమునకు దిగినప్పుడు లోకమునందలి పెద్దలు సామాన్యముగా రెండు హితవులు చెప్పుదురు. శాంతిని కాపాడుడని యొకటి. ప్రజల యభీష్టమును మన్నింపుడని రెండవది. రెండును మంచి మాటలే. కాని యివి రెండును ఒక్కచోట పొసగక, ఒకదానికొరకు రెండవదానిని విడువవలసిన ఘట్టము వచ్చినప్పుడు ఏది ముందు, ఏది వెనుక యని యడిగినచో వారు సూటిగా బదులు చెప్పరు. ఈ ప్రశ్నను నూరేండ్లకు పైగా మోయుచున్న దేశము ఐర్లండు. ఆ దీవి యుత్తరమునందలి యారు కౌంటీలు బ్రిటనునకు చెందవలెనా, ఐర్లండునకు చెందవలెనా యను వివాదము నేటికిని తీరలేదు. అయినను ఆ వివాదము తుపాకులచేత గాక వోట్లచేతనే తేలవలెనని యుభయపక్షములును 1998లో నొప్పుకొన్నవి. ఈ యొప్పుదల యెట్లు కలిగెనో, అందు మిగిలిన చిక్కేమో విచారించుట యవసరము.

ఐర్లండు మన కపరిచిత దేశము కాదు. అనిబిసెంటు 1916లో స్థాపించిన హోంరూలు సంఘమునకు పేరు ఐర్లండునుండియే వచ్చినది. మన వరాహగిరి వేంకటగిరిగారు 1913లో న్యాయశాస్త్రము చదువుటకు డబ్లిను నగరమునకు వెళ్లి, 1916 నాటి తిరుగుబాటు పిమ్మట ఆ దేశమును విడిచి రావలసినవారైరి. మన రాజ్యాంగమునందలి యాదేశిక సూత్రములకు 1937 నాటి ఐరిషు రాజ్యాంగమే మాతృక. దేశ విభజనమును గూడ ఆ దేశమువారే మనకంటె ముందుగా ననుభవించిరి. కావున వారి కథ మనకు పరాయి కథ కాదు.

1918 డిసెంబరు ఎన్నికలలో ఐర్లండునకు గల 105 స్థానములలో సిన్‌ఫేను పక్షము 73 గెలిచెను. దీవి నంతటిని ఒక్క ప్రజగా లెక్కించినచో స్వాతంత్ర్య విషయమున ప్రజల తీర్పు స్పష్టమే. కాని యీశాన్యమున ప్రొటెస్టెంటులగు యూనియనిస్టులు అంతే స్పష్టముగా బ్రిటనుతో నుండగోరిరి. బ్రిటిషు పార్లమెంటు 1920లో చట్టముచేసి దీవిని రెండుగా చీల్చెను. అల్స్టరు రాష్ట్రమున తొమ్మిది కౌంటీలున్నను ఆరింటినే విడదీసిరి. తొమ్మిదింటిని చేర్చినచో యూనియనిస్టుల యాధిక్యము నిలుచునని నమ్మకము లేకపోయెను. నాలుగింటితో సరిపెట్టినచో రాజ్యము మరీ చిన్నదగును. కావున జాతీయవాదులే యధికసంఖ్యాకులుగా నున్న ఫెర్మనా, టిరోను కౌంటీలను గూడ వారి యిష్టముతో పనిలేక కలుపుకొనిరి. తాము డబ్లిను పాలనక్రింద నుండజాలమని స్వయంనిర్ణయమును కోరినవారే తమ పొరుగువారికి ఆ హక్కును నిరాకరించిరి. ఈ చిక్కునకంతకు మూలమిక్కడ నున్నది. ప్రజలు నిర్ణయింపవలెననుట సులభము. ఆ ప్రజలెవరు, ఎంతమేర వరకు ప్రజలు అని ముందుగా గీత గీయు చేయి యెవరిదో అడుగుట కష్టము.

1921 డిసెంబరు 6వ తేదీన లండనునందు సంధి జరిగెను. సంతకములు చేయనిచో మూడు దినములలో యుద్ధమని బ్రిటిషు ప్రధాని లాయడ్ జార్జి ఐరిషు ప్రతినిధులను బెదరించెను. వారు సంతకము చేసిరి. చేసినవారిలో నొకడగు మైకేలు కాలిన్సు వాదమేమనగా, ఇది సంపూర్ణ స్వాతంత్ర్యము కాకున్నను దానిని సాధించుకొనుటకు దారి యిచ్చునది యని. డీవలెరా పక్షము, రాజునకు విధేయత ప్రకటించు ప్రమాణమును సహింపలేమనెను. 1922 జనవరి 7వ తేదీన ఐరిషు శాసనసభ 64 వోట్లతో సంధిని స్వీకరింపగా 57 మంది వ్యతిరేకించిరి. ఆరు నెలలు తిరుగకముందే స్వాతంత్ర్యమునకై కలిసి పోరాడినవారు ఒకరినొకరు కాల్చుకొనసాగిరి. కాలిన్సు ఆ యేడు ఆగస్టు 22వ తేదీన తన సొంత కౌంటీలోనే హతుడయ్యెను. స్వతంత్ర ఐరిషు ప్రభుత్వమే డెబ్బదిమందికి పైగా ఐరిషువారిని మరణశిక్షకు గురిచేసెను. బెదరింపుచేత వచ్చిన శాంతి యుద్ధమును తప్పింపలేదు, ఇంటిలోనికి తెచ్చెను.

ఆ శాసనసభ చర్చలలో రాజభక్తి ప్రమాణమునకు దొరికిన కాలములో స్వల్పభాగమైనను విభజనమునకు దొరకలేదు. స్థానికుల యభీష్టము ననుసరించి సరిహద్దును సవరించు సంఘమొకటి యేర్పడునని సంధియందున్న మాటను నమ్మి యందరు నూరకుండిరి. ఆ సంఘమేర్పడెను గాని 1925లో మూడు ప్రభుత్వములును గలిసి దాని నివేదికను మూసిపెట్టి, పాతగీతనే స్థిరపరచినవి. ఆ నివేదిక 1969 వరకు వెలుగు చూడలేదు.

తరువాతి నలువదేండ్లు పైకి చూచుటకు ప్రశాంతముగానే గడచినవి. ఆ ప్రశాంతత నెవరు భరించిరో చూడవలెను. ఉత్తర ఐర్లండున 1921 మొదలు 1972 వరకు ఒక్క పక్షమే యవిచ్ఛిన్నముగా నేలెను. డెర్రీ పట్టణమున జాతీయవాదులే యెక్కువమంది యైనను, వార్డుల హద్దులను నేర్పుగా గీయుటచేత పురపాలకసభ యూనియనిస్టుల చేతిలోనే యుండెను. స్థానికపు టెన్నికలలో పన్ను చెల్లించు గృహస్థులకేగాని పెరవారికి వోటు లేదు. 1968లో పౌరహక్కులకై ఊరేగినవారిపై లాఠీలు లేచినవి. 1972 జనవరి 30వ తేదీన డెర్రీలో బ్రిటిషు సైనికులు నిరాయుధులగు పదుముగ్గురిని కాల్చిచంపిరి. ఆ చంపుట యన్యాయమని బ్రిటిషు ప్రభుత్వ మంగీకరించుటకు 2010 వరకు కాలము పట్టెను.

అయినచో ఆయుధము పట్టినవారి పక్షమే న్యాయమా? ముప్పది యేండ్ల ఘర్షణలో 3,500 మందికి పైగా మరణించిరి. అందు సగముకంటె నెక్కువమంది ఐక్య ఐర్లండు పేర పోరాడిన దళముల చేతులలోనే చచ్చిరి. మృతులలో దారిన పోవువారు, అంగడికి వచ్చినవారు, పిల్లలు గలరు. ఒక ప్రజను తనతో కలుపుకొనగోరువాడు ఆ ప్రజనే చంపుట యెక్కడి స్వయంనిర్ణయము? యూనియనిస్టులును ఆ గడ్డపై మూడు నూర్ల యేండ్లకు పైగా జీవించినవారే. బాంబులచేత వారి మనస్సు మారలేదు, గట్టిపడెను. వట్టి వోట్లును పనిచేయలేదు. 1973 మార్చిలో జరిపిన రెఫరెండమున నూటికి 98.9 వోట్లు బ్రిటనుకే పడినవి. జాతీయవాదులు దానిని బహిష్కరించియుండిరి. అంత గొప్ప యాధిక్యమువలన కలహ మొక దినమైనను తగ్గలేదు.

1998 ఏప్రిలు 10వ తేదీ నాటి ఒప్పందమునకు విలువ యిందుచేతనే కలిగినది. అది సార్వభౌమత్వ వివాదమును తీర్చలేదు. తీర్చుకొను పద్ధతిని నిర్ణయించెను. ఉత్తరమునందలి యధికసంఖ్యాకులు బ్రిటనుతో నుండగోరినంతకాలము అట్లే యుండవచ్చును. ఐక్యత గోరిననాడు రెండు ప్రభుత్వములును అందుకు దారి యియ్యవలెను. అక్కడ పుట్టినవారు ఐరిషువారిగనో, బ్రిటిషువారిగనో, ఉభయులుగనో యుండవచ్చును. మంత్రివర్గమున నిరువాగులును అధికారము పంచుకొనవలెను. మే 22వ తేదీన ఉత్తరమున నూటికి 71 మంది, దక్షిణమున 94 మంది దీనిని స్వీకరించిరి. దక్షిణ రాజ్యము దీవి యంతయు తనదేయను రాజ్యాంగపు వాదమును సవరించుకొనెను. ఆ యాగస్టులోనే ఓమా పట్టణమున బాంబు ప్రేలి 29 మంది మరణించినను ఒప్పందము కూలలేదు. సరిహద్దున సైనికుల బురుజులు క్రమముగా నేలమట్టమైనవి.

తరువాత బ్రిటను 2016లో యూరోపు సమాఖ్యను విడుచుటకు నిశ్చయించెను. ఉత్తర ఐర్లండున నూటికి 55.8 వోట్లు విడువరాదనియే పడెను. దీవిమధ్య సుంకపు ఠాణాలు మరల వచ్చునని భయము కలుగగా, తనిఖీలను సముద్రతీరమునకు మార్చిరి. అది యూనియనిస్టులకు గ్రుచ్చుకొనెను. 2021 జనాభా లెక్కలలో కాథలిక్కు కుటుంబములవారు 45.7 వంతులు, ప్రొటెస్టెంటు కుటుంబములవారు 43.5 వంతులు. 2024లో జాతీయవాది యగు మిషెలు ఓనీలు మొట్టమొదటిసారిగా ప్రథమమంత్రి పీఠ మెక్కెను. ఇన్నాళ్లు దూరమున నున్న రెఫరెండము దగ్గరపడినట్లు తోచుచున్నది.

సగముపై నొక్క వోటు చాలునా యని యిప్పుడు కొందరు ప్రశ్నించుచున్నారు. శాంతికొరకు మరింత యాధిక్యము కావలెనని వారి వాదము. ఈ వాదము మాకు సమ్మతము కాదు. బ్రిటనుతో నుండుటకు సగముపై నొక్క వోటు చాలినప్పుడు, విడిపోవుటకు మాత్రము చాలదనుట ఒకరి వోటును మరియొకరి వోటుకంటె తక్కువగా తూచుటయే. ఇన్నాళ్లు తుపాకి దించి వేచియున్నవారికి ఆట నియమములను చివరి నిమిషమున మార్చితిమని చెప్పుట శాంతికి సేవ కాదు. అట్లే రేపే వోటు పెట్టుడని తొందరపడువారితోను మేమేకీభవింపము. ఎట్టి రాజ్యమునకు వోటువేయుచున్నారో తెలియక వేసిన వోటు ఎన్ని చిక్కులు తెచ్చునో 2016 నాటి తీర్పే చూపినది. వైద్యశాలలు, పింఛనులు, పాఠశాలలు, పతాకము, ఓడినవారి స్థానము ఇవన్నియు వోటునకు ముందే చర్చింపబడవలెను. ఏ గుర్తులు కనబడిననాడు రెఫరెండమును పిలుచునో బ్రిటిషు మంత్రి స్పష్టముగా చెప్పవలెను. ఒప్పందమున ఆ గుర్తులు వ్రాయబడలేదు.

శాంతి యనునది ప్రజల తీర్పు నాపుటకు సాకు కారాదు. ఆ తీర్పును ఓడినవాడును భరింపగలుగునట్లు సిద్ధపరచుట శాంతి పని. ఏ జెండా యెగిరినను ప్రభుత్వము ఉభయులను నిష్పక్షపాతముగా పాలింపవలెనని 1998 నాటి ఒప్పందము శాసించినది. నేడు డెర్రీలోని జాతీయవాది కే గౌరవము దక్కుచున్నదో, రేపు ఐక్య ఐర్లండులో బెల్‌ఫాస్టు యూనియనిస్టునకు నంతే గౌరవము దక్కునని వానికి నమ్మకము కలిగింపవలెను. 1921లో నెవరును ఆ పని చేయలేదు. ఇప్పుడు చేయుటకు వ్యవధి యున్నది.