ఆదోనికి వెళ్తున్నారా? భోజనం సంగతి ఇదీ!

జుమా నమాజు ముగిసింది. ఆదోని జామియా మసీదు చూద్దామని పొరుగూరి నుంచి వచ్చిన ఒక కుటుంబం హోటల్ ముందు ఆటో ఆపించింది. మగవాళ్లు దిగి లోపలికి వెళ్లారు. ఆడవాళ్లు, పిల్లలు ఆటోలోనే ఉండిపోయారు. అరగంట తర్వాత వారికి పొట్లాలు వచ్చాయి. డెబ్బై ఏళ్లు దాటిన నానీమా ఒడిలో విస్తరి పెట్టుకుని, వీధి దుమ్ములోనే నాలుగు ముద్దలు తిని చాలించింది. "ఇంటికి పోయి తింటాలే బేటా" అన్నది. ఇల్లు అక్కడికి రెండు గంటల దూరం!

మన కుటుంబాలకు ఇది కొత్త దృశ్యం కాదు. అందుకే ఆదోని ప్రాంతానికి వెళ్లే పాఠకుల కోసం ఎక్కడ ఏం తినవచ్చో, ఏ జాగ్రత్తలు తీసుకోవాలో ఇక్కడ చెబుతున్నాం.

కోట, మసీదు, మార్కెట్

ఆదోని కొండల నడుమ ఉన్న పాత కోట ఊరు. విజయనగర రాజులకు ఇది బలమైన దుర్గం. 1565లో జరిగిన తళ్లికోట యుద్ధం తర్వాత బీజాపూర్ సుల్తానుల చేతికి వచ్చింది. 17వ శతాబ్దంలో వారి తరఫున దీనిని పాలించిన సిద్ది మసూద్ ఖాన్ ఆఫ్రికా మూలాలున్న హబ్షీ. ఇక్కడి జామియా మసీదును కట్టించింది ఆయనే. 1688లో మొగలు సేనలు కోటను ముట్టడించి, ఎంతకీ లొంగకపోయేసరికి ఫిరంగులను మసీదు వైపు తిప్పాయట. మసీదుకు దెబ్బ తగలకూడదని ఖాన్ కోటనే అప్పగించాడని చెబుతారు.

ఆ కోట నేడు శిథిలమైంది గానీ ఊరికి వచ్చిపోయే జనం తగ్గలేదు. పత్తి వ్యాపారం వల్ల ఆదోనికి 'రెండో బొంబాయి' అని పేరు. చుట్టుపక్కల పల్లెల రైతులు, బళ్లారి, రాయచూరు వైపు వ్యాపారులు, మార్కెట్ యార్డు హమాలీలు, అందరికీ అన్నం పెట్టాల్సిన ఊరు ఇది. అందువల్ల ఇక్కడి తిండిలో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ కలిసిపోయాయి.

పొద్దున్నే ఉగ్గాని

ఆదోనిలో దిగిన వెంటనే ఇడ్లీ కోసం వెదక్కండి. ఎమ్మిగనూరు, పత్తికొండలలో మాదిరే ఇక్కడా పొద్దుటి ఫలహారం ఉగ్గాని, బజ్జి. బొరుగులను నీళ్లలో నానబెట్టి గట్టిగా పిండుతారు. ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, పసుపు వేసిన తాలింపులో కలిపి, పైన పప్పుల పొడి చల్లి, నిమ్మరసం పిండుతారు. పక్కన వేడి వేడి మిరపకాయ బజ్జి. కన్నడంలో తాలింపును ఒగ్గరణె అంటారు. బళ్లారి వైపు ఇదే వంటకం పేరు మండక్కి ఒగ్గరణె.

ఇది బస్టాండు దగ్గరి బండ్ల మీదా, చిన్న హోటళ్లలోనూ దొరుకుతుంది. ఖర్చు తక్కువ, కడుపు నిండుతుంది. మాంసం లేని వంట కాబట్టి హలాల్ గురించి బెంగ లేదు. పత్తి వ్యాపారి, బస్తాలు మోసే హమాలీ, మసీదు నుంచి వచ్చిన ముసల్లీ, గుడికి పోతున్న భక్తుడు ఒకే బండి దగ్గర పక్కపక్కనే నిలబడి తినడం ఈ ఊళ్లో మామూలే. పిల్లలకైతే కారం తక్కువగా వేయమని ముందే చెప్పాలి. ఈ సీమ కారం ఊరికే వదలదు!

మధ్యాహ్నం ఎక్కడ?

మాంసాహారం కావాలంటే ముస్లింలు నడిపే హోటళ్లు ఉన్నాయి. బిర్యానీ, ముక్కలు లేని కుష్కా, ఖీమా, శేర్వా దొరుకుతాయి. ఇక్కడికొచ్చి హైదరాబాద్ రుచిని వెదికితే నిరాశే మిగులుతుంది. ఈ ప్రాంతపు వంటకు తన కారం, తన పులుపు ఉన్నాయి. పెళ్లి పిలుపు మీద వచ్చిన వారికైతే అదృష్టమే. బగారా అన్నం, దాల్చా కలిపి తిన్నాక ఇంకే హోటలూ గుర్తుకు రాదు.

శుక్రవారం వెళ్లేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నమాజు వేళ కొన్ని హోటళ్లు మూసి ఉంటాయి. నమాజు ముగియగానే జనం ఒక్కసారిగా వస్తారు. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే పన్నెండున్నర లోపే వారి భోజనం కానివ్వండి. హోటల్లోకి అడుగుపెట్టే ముందు "భాయ్, కుటుంబంతో కూర్చోవడానికి చోటుందా?" అని అడగండి. లేదంటే ఇంకో హోటల్ చూసుకోండి. అడగడానికి మొహమాటపడితే ఇంట్లో ఆడవాళ్లు ఆటోలో తినాల్సి వస్తుంది. మాంసం హలాలా కాదా అని అడగడానికి మొహమాటపడం కదా! ఇదీ అంతే.

కోట కొండ ఎక్కాలనుకునేవారు పొద్దున్నే బయలుదేరాలి. పైన తిండి దొరుకుతుందని నమ్ముకోకుండా నీళ్లు, పండ్లు వెంట తీసుకెళ్లాలి.

రాత్రికి జొన్న రొట్టె

నల్లరేగడి నేల ఇచ్చినవి రెండు. ఒకటి పత్తి, రెండోది జొన్న. సాయంత్రమైతే కర్నూలు జిల్లా ఊళ్లలో వీధి పక్కన మహిళలు పొయ్యి ముందు కూర్చుని జొన్న రొట్టెలు చేసి అమ్ముతుంటారు. వేణ్నీళ్లతో కలిపిన పిండిని అరచేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన తడి చేత్తో రాసి కాలుస్తారు. ఒక్కో రొట్టెకు ఎన్ని దెబ్బలు పడాలో ఆ చేతులకే తెలుసు. "అక్కా, నాలుగు రొట్టెలు" అంటే వేడివి వేడిగా కట్టి ఇస్తారు. పప్పు, వంకాయ కూర, వేరుశనగ పొడి, మాంసం శేర్వా, దేనితోనైనా బాగుంటుంది. బస చేసిన చోటికి తెచ్చుకుంటే ఇంటిల్లిపాదీ గుండ్రంగా కూర్చుని తినవచ్చు. ఆ మహిళల్లో చాలామందికి రొట్టెల రాబడే ఇంటికి ఆధారం. అక్కడ బేరమాడకండి.

పత్తికొండ చెప్పే పాఠం

టమాటా మార్కెట్‌కు పేరున్న పత్తికొండకు చరిత్రలో మరో గుర్తింపు ఉంది. దత్త మండలాలకు తొలి కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరు అయిన సర్ థామస్ మన్రో ఈ ప్రాంతాన్ని చివరిసారి చూద్దామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. అంతటి అధికారి ప్రాణం తీసిన ఆ జబ్బు కలుషితమైన నీటి ద్వారా వ్యాపిస్తుందని లండన్‌లో డాక్టర్ జాన్ స్నో 1854లో చూపించేవరకు లోకానికి తేలలేదు.

మనకు ఆ సంగతి ఇప్పుడు తెలుసు. అయినా ప్రయాణంలో బిర్యానీ గురించి పది ప్రశ్నలు వేస్తాం, నీళ్ల గురించి ఒక్కటీ వేయం. కాచి చల్లార్చిన నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. కోసి పెట్టిన పండ్లు, ఈగలు ముసిరే చట్నీలు వద్దు. కళ్లముందు కాల్చింది, వేయించింది, పొగలు కక్కుతున్నది తినండి. అప్పుడే పెనం దిగిన రొట్టె, నూనెలోంచి తీసిన బజ్జి అందుకే మంచివి.

హోటల్ సోదరులకు ఒక మాట

ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండలలో హోటళ్లు నడిపే సోదరులకు ఒక విన్నపం. ఏసీ గదులు, అద్దాల తలుపులు అక్కర్లేదు. నాలుగు బల్లల చోటు, అడ్డంగా ఒక తెర, చేతులు కడుక్కోవడానికి శుభ్రమైన కుళాయి, మూత పెట్టిన మంచినీళ్ల కుండ, వీలైతే మహిళలకు మరుగుదొడ్డి ఉంటే చాలు. ఉన్నదాన్ని బోర్డు మీద రాసి పెట్టండి. దూరం నుంచి వచ్చినవారు అడగకుండానే లోపలికి వస్తారు. గిరాకీ కూడా పెరుగుతుంది.

ముసాఫిర్‌కు అన్నం పెట్టడం పుణ్యమని మన పెద్దలు పదే పదే చెప్పారు. ముసాఫిర్ అంటే మగవాడు మాత్రమే కాదు. ఆటోలో ఒడిలో విస్తరి పెట్టుకున్న నానీమా కూడా ముసాఫిరే. ఆమె బల్ల ముందు కూర్చుని, చేతులు కడుక్కుని, బిస్మిల్లాహ్ అని తృప్తిగా తినగలిగిన హోటలే ఆ ఊళ్లో మంచి హోటల్. బిర్యానీ రుచి సంగతి ఆ తర్వాత చూసుకుందాం.