షాదీ కార్డుపై ఉర్దూ పేరు విరగకుండా: పైథాన్‌తో బొమ్మ, కంట్రోల్ వీతో పేస్ట్

కర్నూలు, కడపల్లో చాలా ముస్లిం ఇళ్లలో షాదీ రుఖా రెండు లిపుల్లో వేయిస్తారు. తెలుగు వైపు తప్పు పడితే ఇంట్లో ఎవరో ఒకరు పట్టేస్తారు. ఉర్దూ వైపు అలా కాదు. పిల్లల చదువు తెలుగు మీడియంలోనో ఇంగ్లిష్ మీడియంలోనో సాగుతోంది. ఇంట్లో దక్కనీ గలగలా మాట్లాడినా, చదవడం చాలామందికి రాదు. డీటీపీ చేసే కుర్రాడికీ రాకపోవచ్చు. దాదానో నానీనో కళ్లద్దాలు పెట్టుకుని చూసేదాకా పేరు విరిగిన సంగతి తెలీదు. అప్పటికే ఐదొందల కార్డులు అచ్చయి ఉంటే ఆ ఖర్చు ఎవరి నెత్తిన?

పేరు విరగడం అంటే ఏమిటి? 'మహబూబ్' అన్న పేరు చూడండి. మీమ్, హే, బే, వావ్ కుడి నుంచి ఎడమకు కలిసి ఉండాలి, చివరి బే విడిగా నిలవాలి. ఉర్దూ లిపి తెలియని ప్రోగ్రాంలో ఇదే పేరు వేస్తే ఐదు అక్షరాలూ విడివిడిగా, అదీ ఎడమ నుంచి కుడికి వచ్చి పడతాయి. ఉర్దూ రానివాళ్ల కంటికి అదీ ఉర్దూలాగే కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

ఇది కొత్త చిక్కు కాదు. నస్తాలీఖ్ రాతను యంత్రానికి నేర్పడమే పెద్ద పని. మీర్జా అహ్మద్ జమీల్ వేల కొద్దీ అక్షర కూర్పులు గీసి తయారు చేసిన నూరీ నస్తాలీఖ్‌తో 1981లో లాహోర్‌లో జంగ్ పత్రిక వెలువడింది. తర్వాత మన దగ్గరి డీటీపీ సెంటర్లకు ఇన్‌పేజ్ వచ్చింది. పాత ఇన్‌పేజ్ అక్షరాలు యూనికోడ్ కావు కాబట్టి వాటిని వేరే ప్రోగ్రాంలో అక్షరాలుగా అతికిస్తే పిచ్చి గీతలు వచ్చేవి. అందుకే ఆపరేటర్లు ఆ మేటర్‌ను బొమ్మగా మార్చి కోరల్‌డ్రాలోకి తెచ్చుకునేవారు. అక్షరాలు బొమ్మయ్యాక ఇక విరగవు.

అదే కిటుకు ఇప్పుడు పైథాన్‌తో ఉచితంగా చేయొచ్చు. ఎక్సెల్‌లో ఉన్న పేర్ల లిస్టును ప్రోగ్రాం ఒక్కొక్కటిగా చదివి, పేరును బొమ్మగా గీసి, క్లిప్‌బోర్డుపై పెడుతుంది. ఆపరేటర్ కంట్రోల్ వీ నొక్కితే చాలు. కార్డులోనైనా, వాట్సాప్ వెబ్‌లో ఇంటివాళ్లకు పంపే ప్రూఫ్‌లోనైనా దిగుతుంది. ఫైలు సేవ్ చేయడం, మళ్లీ వెతుక్కోవడం ఉండదు.

బొమ్మ గీసేది పిల్లో అనే లైబ్రరీ. అది ఒక్కటే ఉంటే అక్షరాలు కలవవు. రాక్మ్, దానికి తోడు ఫ్రిబిడి కూడా ఉండాలి. విండోస్‌లో ఫ్రిబిడిని విడిగా తెచ్చి పెట్టుకోవాల్సి రావచ్చు. రెండూ ఉన్నాయో లేదో పిల్లోలోని ఫీచర్స్ అనే భాగాన్ని అడిగితే చెబుతుంది. ఫాంటుగా గూగుల్ వారి నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఉచితం. ఈ రాత ఏటవాలుగా కిందికి జారుతుంది కాబట్టి పైనా కిందా ఖాళీ ఎక్కువ వదలాలి, లేదంటే నుక్తాలు తెగిపోతాయి. నుక్తా పోతే బే, పే, తే తేడా పోయినట్టే.

ఇక క్లిప్‌బోర్డు. పిల్లో దానిపై ఉన్న బొమ్మను చదవగలదు గానీ, దానిపై బొమ్మ పెట్టే పద్ధతి అందులో లేదు. విండోస్‌లో ఈ పనికి పైవిన్32 కావాలి. బొమ్మను ఫైలుగా కాక మెమరీలోనే బీఎంపీగా సేవ్ చేసి, మొదటి 14 బైట్లు తీసేయాలి. అవి ఫైలు తలకాయ మాత్రమే, క్లిప్‌బోర్డుకు అక్కర్లేదు. మిగిలిన దాన్ని డీఐబీ రూపంలో ఇవ్వాలి. వరుస ఇదీ: క్లిప్‌బోర్డు తెరవడం, ఖాళీ చేయడం, బొమ్మ పెట్టడం, మూయడం. ఎక్కువమంది మరిచేది ఆఖరిదే. మూయకపోతే, ఆ ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ మిగతా ప్రోగ్రాములకు క్లిప్‌బోర్డు అందదు.

ఈ దారిలో వెనక రంగు లేని బొమ్మ కుదరదు, తెల్ల రంగు వేసుకోవాల్సిందే. బంగారు రంగు కార్డుపై తెల్ల డబ్బా కనిపిస్తుందనుకుంటే, పీఎన్‌జీ అనే రూపాన్ని కూడా రిజిస్టర్ చేసి పెట్టొచ్చు, కానీ దాన్ని అన్ని ప్రోగ్రాములూ తీసుకోవు. లైనక్స్‌లో పని తేలిక: పీఎన్‌జీని ఎక్స్‌క్లిప్‌కు అందిస్తే చాలు. అక్కడ బొమ్మను పట్టుకుని ఉండేది ప్రోగ్రామే. అది ఆగితే బొమ్మా పోతుంది, అందుకే ఎక్స్‌క్లిప్ వెనక నడుస్తూనే ఉంటుంది.

అచ్చుకు వెళ్లే బొమ్మయితే అంగుళానికి 300 చుక్కలు ఉండాలి, అంటే 4 అంగుళాల పేరుకు 1200 పిక్సెళ్ల వెడల్పు. చిన్న బొమ్మను లాగి పెద్దది చేస్తే అంచులు మసకబారతాయి. ప్రోగ్రాం అక్షరాలు కలుపుతుంది, అంతే. లిస్టులోనే పేరు తప్పుంటే ఆ తప్పునే అందంగా గీస్తుంది. కర్నూలులో 2016లో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ యూనివర్సిటీ వచ్చింది, 2022లో రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది, అయినా ప్రూఫ్ చూడాల్సింది ఇంట్లోని పెద్దవాళ్లే.

ఇంకొక్క జాగ్రత్త. విండోస్‌లో క్లిప్‌బోర్డు హిస్టరీ ఆన్ చేసి ఉంటే, విండోస్ కీతో వీ నొక్కినవాళ్లకు పాత బొమ్మలూ కనిపిస్తాయి. పెళ్లికూతురి పేరు, ఇంటి అడ్రస్, ఫోన్ నంబరు ఉన్న ప్రూఫ్ నలుగురూ వాడే సెంటర్ కంప్యూటర్‌లో అలా ఉండిపోవచ్చు. పని అయ్యాక అక్కడే 'అన్నీ తీసేయి' నొక్కమని ఆపరేటర్‌ను అడగండి.