బాల్కనీ ‘పెద్దదే సార్’ అంటే ఎంత?

వాట్సాప్‌లో ఫ్లాట్ ప్లాన్ వచ్చింది. హాలు 15 అడుగులు, 12 అడుగులు అని రాసుంది. బాల్కనీ దగ్గర మాత్రం ఏ కొలతా లేదు. ఫోన్ చేసి అడిగితే ‘పెద్దదే సార్’ అంటారు. ఎంతో మనమే తేల్చేయొచ్చు. ఓ ప్రింటు, ఓ స్కేలు, టెన్త్‌లో చదివిన సరూప త్రిభుజాల పాఠం ఉంటే చాలు.

ప్రింటులో హాలు పొడవు 5 సెం.మీ. వచ్చిందనుకోండి. 15ని 5తో భాగిస్తే 3. అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు, ఇంట్లో 3 అడుగులు. 3 అడుగులంటే 91.44 సెం.మీ. కాబట్టి, ఇక్కడ స్కేల్ ఫ్యాక్టర్ 91.44.

ఆగండి, వెడల్పు కూడా కొలవాలి. 4 సెం.మీ. ఉంటే 12 బై 4, మళ్లీ 3. లెక్క కుదిరింది. కుదరకపోతే బొమ్మ ఒకవైపు సాగిందన్నమాట. అది సరూపం కాదు, పక్కన పెట్టేయండి.

ఇక బాల్కనీ. 3 సెం.మీ., 1.5 సెం.మీ. ఉంటే 9 అడుగులు, 4.5 అడుగులు. చాలామంది తడబడేది వైశాల్యం దగ్గరే. కాగితం మీద 4.5 చదరపు సెం.మీ.ని 3తో కాదు, 3 ఇంటూ 3, అంటే 9తో గుణించాలి. మొత్తం 40.5 చదరపు అడుగులు.

ప్లాన్ మీద ‘1:100’ అని ఉన్నా వెంటనే నమ్మొద్దు. ఏ3 ప్లాన్‌ని ఏ4కి కుదించి ప్రింట్ తీస్తే పొడవులు 71 శాతానికి, వైశాల్యం సగానికి పడిపోతాయి. రాసిన 1:100 మాత్రం అలాగే ఉంటుంది!

ఇదంతా అంచనాకే. అడ్వాన్స్ ఇచ్చే ముందు అసలు కొలత అగ్రిమెంట్‌లో రాయించుకోండి.